ఆ సెన్సర్ కొలిచేది లెవెల్ కాదురా

ఒరేయ్ మురళీ,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసాయేనా? నీ ఉత్తరం, దాంతో పంపిన కొటేషన్ కాపీ రెండూ అందాయి. తోతాపురి మామిడి సీజన్ మొదలయ్యేలోపు గుజ్జు ప్లాంటులో సెన్సర్లన్నీ మార్చేయాలని మీ వాళ్లు తొందరపెడుతున్నారనీ, సేల్స్ అతను వచ్చి సంపు దగ్గర్నుంచి ఈటీపీ (వాడేసిన నీటిని శుద్ధి చేసే ప్లాంటు) దాకా, ఫిల్లింగ్ లైనుతో సహా, అన్నిచోట్లా ఒకే అల్ట్రాసోనిక్ మోడల్ పెట్టేద్దాం, స్పేర్లు ఉంచుకోవడం సులువు అన్నాడనీ రాశావు. స్పేర్ల మాట నిజమే. అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదివే వరకు సంతకం మాత్రం పెట్టకు.

ఇన్నేళ్లుగా ఈ సెన్సర్లతోనే పని చేస్తున్నాను, నాకు వీటంటే చాలా ఇష్టమని నీకు తెలుసు. కానీ ఒక సంగతి బుర్రలో పెట్టుకో. అది లెవెల్ కొలవదు. అది కొలిచేది టైము. మన చెవికి అందని శబ్దాన్ని కిందికి వదిలి, అది నీటికి తగిలి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూస్తుంది, బావిలోకి కేకేసి ప్రతిధ్వని కోసం చెవి ఒగ్గినట్టు. ఆ టైముని శబ్దవేగంతో గుణించి, రెండుతో భాగించి దూరం అంటుంది, ఆ దూరాన్ని ట్యాంకు ఎత్తులోంచి తీసేసి లెవెల్ అంటుంది. కాబట్టి సెన్సరుకీ నీటికీ మధ్య ఉన్న గాలి ఎలాంటిదో దాన్ని బట్టే అంతా ఉంటుంది. ట్యాంకులో ఏముందని సేల్స్ అతను అడిగి ఉంటాడు, ట్యాంకు పైభాగంలో ఏముందని అడిగాడా?

గాలి అంటే ముందు వేడి సంగతి. 20 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, 40 డిగ్రీల దగ్గర సుమారు 355. ఈ తేడాని పట్టించుకోకపోతే, 5 మీటర్ల కింద ఉన్న నీటిని 4.83 మీటర్ల దగ్గరే ఉందని చూపిస్తుంది, అంటే 17 సెంటీమీటర్ల తప్పు. అందుకే ప్రతి మంచి సెన్సరులోనూ ఉష్ణోగ్రత కొలిచే ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని బట్టి వేగాన్ని సరిచేసుకుంటుంది. బాగానే ఉంది. కానీ ఆ ముక్క ఉండేది సెన్సరు ఒంట్లో, గాలిలో కాదు. మే నెలలో చిత్తూరు ఎండలో ఆ సెన్సరు ఎంత కాలిపోతుందో నీకు నేను చెప్పాలా? ఒళ్లు కాలుతుంటే అది గాలి కూడా అంత వేడిగానే ఉందనుకుంటుంది.

దీనివల్ల ఎక్కువ నష్టం ఎక్కడో తెలుసా, మీ ఈటీపీ చివర ఉన్న వీ-నాచ్ దగ్గర, అదే, పారే నీటిని కొలవడానికి V ఆకారంలో కోసి పెట్టిన పలక దగ్గర. ఈ లెక్క కొంచెం ఓపికగా చూడు. 90 డిగ్రీల నాచ్ మీద నీటి ఎత్తు 15 సెంటీమీటర్లు ఉంటే గంటకు సుమారు 43 ఘనపు మీటర్లు పోతున్నట్టు. ప్రవాహం ఆ ఎత్తుకి రెండున్నర ఘాతంలో పెరుగుతుంది, అంటే ఎత్తులో ఒక శాతం తప్పు ప్రవాహంలో రెండున్నర శాతం అవుతుంది. సెన్సరు నీటికి అర మీటరు పైన ఉండి, ఎండకి గాలి కంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకో, దూరాన్ని దాదాపు 9 మిల్లీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. తొమ్మిది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ప్రవాహం సుమారు 14 శాతం తక్కువ పడిపోతుంది! పొద్దున ఒక లెక్క, మధ్యాహ్నం ఒక లెక్క వస్తుంటే ఆపరేటర్ మీద కేకలేస్తారు, పాపం వాడేం చేస్తాడు. చిన్న రేకు గొడుగు ఒకటి, సెన్సరుకి తగలకుండా, మధ్యలో గాలి ఆడేలా పెట్టించు. ఇంకో మాట, సెన్సరు నాచ్ నెత్తిన పెట్టనివ్వకు, అక్కడ నీరు కిందికి వంగి ఉంటుంది. ఎక్కువలో ఎక్కువ వచ్చే నీటి ఎత్తు ఎంతో చూసుకుని, కనీసం దానికి నాలుగు రెట్లు వెనక్కి, నీరు నిలకడగా ఉన్నచోట పెట్టాలి. ఈ రెండూ చేస్తే వీ-నాచ్‌కి అల్ట్రాసోనిక్‌ని మించింది లేదని నా అభిప్రాయం. నీటిని తాకదు, చెత్త పట్టదు, కదిలే భాగం లేదు.

బోరు నీటి సంపుకి కూడా కళ్లు మూసుకుని పెట్టెయ్. చల్లటి నీరు, ప్రశాంతమైన ఉపరితలం, పైన మామూలు గాలి. శబ్దం నీటికి తగిలితే దాదాపు మొత్తం వెనక్కే వస్తుంది, నీరు మురికా తేటా అన్నది దానికి పట్టదు. చూసుకోవాల్సిందల్లా దారి. శబ్దం సన్నటి గీతలా పోదు, గరాటులా విప్పారుతూ పోతుంది. 10 డిగ్రీల కోణం ఉన్న సెన్సరు 4 మీటర్ల కింద 70 సెంటీమీటర్ల వెడల్పు చోటు చూస్తుంది. ఆ గరాటులో నిచ్చెన మెట్టు ఉన్నా, బోరు పైపు నుంచి పడే ధార ఉన్నా దాన్నే నీటిమట్టం అనుకునే ప్రమాదం ఉంది. దొంగ ఎకోలని (ప్రతిధ్వనుల్ని) చెరిపేసే మ్యాపింగ్ సదుపాయం సెన్సరులో ఉంటుంది, సంపు ఖాళీగా ఉన్నప్పుడు చేయించుకో. నిచ్చెన లాంటివాటికి అది పనికొస్తుంది, ధారకి మాత్రం సెన్సరు జరపాల్సిందే.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, డెడ్ బ్యాండ్. లోపల ఉండేది పీజో సిరామిక్ బిళ్ల, విద్యుత్తు ఇస్తే కంపిస్తుంది, కంపింపజేస్తే విద్యుత్తు ఇస్తుంది. 1880లో పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి స్ఫటికాల్లో, నొక్కితే విద్యుత్తు పుట్టే గుణాన్ని బయటపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లాంజెవిన్ దీంతోనే నీటిలో జలాంతర్గాముల్ని వెతికే పని మొదలెట్టాడు. అప్పటి వాళ్ల ఆలోచన ఇప్పుడు మన సంపు మూత మీద కూర్చుని పని చేస్తోందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సరే, అదే బిళ్ల శబ్దం వదలాలి, అదే వినాలి. వదిలాక వెంటనే ఆగదు, కాసేపు మోగుతూనే ఉంటుంది. ఆ కాసేపట్లో వచ్చిన ఎకో దానికి వినపడదు. అలా వినపడని దగ్గరి దూరమే డెడ్ బ్యాండ్, ట్యాంకుల సెన్సర్లకి ఇది మామూలుగా 25 నుంచి 50 సెంటీమీటర్ల దాకా ఉంటుంది.

నీరు ఆ హద్దు దాటి పైకొస్తే ఏమవుతుందో చూడు. మొదటి ఎకో పోతుంది. ఆ శబ్దమే నీటికీ సెన్సరుకీ మధ్య రెండోసారి కొట్టుకుని వచ్చినప్పుడు దాన్ని పట్టుకుంటుంది, దూరం రెట్టింపు చూపిస్తుంది. అంటే ట్యాంకు పొంగడానికి సిద్ధంగా ఉంటే స్క్రీన్ మీద లెవెల్ తగ్గినట్టు కనిపిస్తుంది, మిషన్లని నడిపే కంట్రోలరైన పీఎల్‌సీ పంపుని నడుపుతూనే ఉంటుంది. అందుకని నిండు మట్టానికీ సెన్సరు ముఖానికీ మధ్య డెడ్ బ్యాండ్ కంటే ఎక్కువ ఖాళీ ఉండి తీరాలి. స్లాబ్ దగ్గరగా ఉంటే పొట్టి స్టాండు వేసి పైకెత్తించు, నాజిల్ (సెన్సరు కూర్చునే పొట్టి గొట్టం) మాత్రం వెడల్పుగా, లోపలి అంచు నునుపుగా ఉండాలి. ఎంత చేసినా ఓవర్‌ఫ్లోకి విడిగా ఒక ఫ్లోట్ స్విచ్ ఉంచు. ఖరీదు ఎంతని, టెన్షన్ ఉండదు.

ఈటీపీలో వచ్చిన నీటిని కలిపి నిలవుంచే ఈక్వలైజేషన్ ట్యాంకుకి, గాలి ఊదే ఏరేషన్ ట్యాంకుకి మాత్రం వద్దు. సీజన్‌లో కాయలు కడిగిన నీళ్లు, గుజ్జు కడిగిన నీళ్లు వచ్చి, బ్లోయర్ తిరుగుతుంటే పైన నురుగు ఎలా పేరుకుంటుందో నువ్వే రాశావు. పల్చటి నురుగు శబ్దాన్ని మింగేస్తుంది, సెన్సరుకి ఏమీ తిరిగి రాదు. గట్టి నురుగైతే దాని నెత్తినే నీరనుకుంటుంది. ఏ రోజు ఏది జరుగుతుందో చెప్పలేం కాబట్టి ఎంత సెట్టింగ్ మార్చినా లాభం లేదు. ఈక్వలైజేషన్‌కి నీటిలో దింపే, ఒత్తిడిని బట్టి మట్టం చెప్పే ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ వాడు, నురుగు బరువు దానికి లెక్కలోకి రాదు. కాకపోతే అడుగున బురదలో కూరుకుపోకుండా కాస్త పైకి వేలాడదీయాలి, అప్పుడప్పుడు కడగాలి.

కాస్టిక్ వాష్ ట్యాంకుకి కూడా ఇది తగదు. వేడి కాస్టిక్ నుంచి ఆవిరి లేచి సెన్సరు ముఖం మీద చుక్కలు కడుతుంది. పైగా ద్రవం దగ్గర గాలి ఒక వేడి, పైన ఇంకో వేడి, మధ్యలో నీటి ఆవిరి, శబ్దం ఒక్కో పొరలో ఒక్కో వేగంతో పోతుంటే సెన్సరుకి తెలిసింది తన దగ్గరి వేడి ఒక్కటే. ఇక్కడ విశాఖ దగ్గర మా పరవాడ వైపు ఫార్మా కంపెనీల్లో సాల్వెంట్ ట్యాంకులకి దీన్ని పెట్టకపోవడానికి ఒక కారణం ఇదే, బరువైన ఆవిరిలో శబ్దం నెమ్మదిస్తుంది. నీ కాస్టిక్‌కి 80 గిగాహెర్ట్జ్ రాడార్ తీసుకో. అది వాడేది రేడియో తరంగం, దానికి వేడితో, ఆవిరితో పెద్దగా పేచీ లేదు. ఈమధ్య ధరలు కూడా దిగొచ్చాయి, ఆ ఒక్క ట్యాంకు దగ్గర లోభించకు.

ఫిల్లింగ్ లైను సంగతి అడిగావు. పారదర్శకంగా ఉండే సీసాల్ని ఫోటో సెన్సరు ఒకసారి పట్టి ఒకసారి వదిలేస్తోందన్నావు కదా, అక్కడ అల్ట్రాసోనిక్ నిజంగా మేలు చేస్తుంది, గాజైనా ప్లాస్టిక్ అయినా నల్ల డబ్బా అయినా దానికి ఒకటే. సీసా గుండ్రం వల్ల ఎకో పక్కకి చెదిరిపోతుంది కాబట్టి, ఎదురుగా చిన్న స్టీలు ప్లేటు బిగించి దాన్నే చూస్తూ ఉండమని నేర్పించు. ప్లేటు ఎకో మారిందంటే మధ్యలో ఏదో వచ్చినట్టు. లైను మరీ వేగంగా పోతే మాత్రం అందుకోలేదు, శబ్దం పోయి రావాలి కదా, సెకనుకి ఎన్ని సీసాలో చూసి సెన్సరు స్విచ్చింగ్ ఫ్రీక్వెన్సీతో (సెకనుకి ఎన్నిసార్లు పట్టగలదో దాంతో) సరిపోల్చుకో. డబ్బాలు ఆరబెట్టే ఎయిర్ నాజిల్ పక్కనే పెట్టకండి, ఆ బుస్సుమనే గాలిలో కూడా అల్ట్రాసోనిక్ చప్పుడు ఉంటుంది. పక్కపక్కన రెండు పెడితే ఒకదాని ఎకో ఇంకోటి వినేస్తుంది, రెండిటి టైమూ కుదిర్చే సింక్ వైరు ఉన్న మోడల్ అడిగి రెండిటినీ కలిపెయ్.

మీ ఇంజనీరు కుర్రాడు హెచ్‌సీ-ఎస్ఆర్04 అనే చిన్న అల్ట్రాసోనిక్ మాడ్యూళ్లు కొని తనే చేస్తానన్నాడట. 40 కిలోహెర్ట్జ్‌ది, 4 మీటర్ల దాకా చూస్తుంది, నేర్చుకోవడానికి చాలా మంచిది, ఆ ఉత్సాహాన్ని నీరుగార్చకు, టేబుల్ మీద బకెట్ పెట్టి చేయనీ. సంపులోకి మాత్రం వద్దు, దాని ముఖాలు జల్లెడలా తెరిచి ఉంటాయి, తేమకి నాలుగు రోజులు నిలవదు.

పీఎల్‌సీలో ఒక సెట్టింగ్ నువ్వే దగ్గరుండి చూడు. ఎకో పోయినప్పుడు లెవెల్ ఎంతో చెప్పడానికి సెన్సరు పంపే 4-20 మిల్లీ ఆంపియర్ సిగ్నల్ ఏం చేయాలన్నది ట్యాంకుని బట్టి ఉంటుంది. పొంగితే నష్టం ఉన్నచోట పైకి పోవాలి, పంపు ఖాళీగా తిరిగితే నష్టం ఉన్నచోట కిందికి పోవాలి. ఉన్నచోటే ఆగిపోయేలా వదిలేస్తే, సెన్సరు పోయిన సంగతి ఎవరికీ తెలియకుండా గంటలు గడిచిపోతాయి.

కాబట్టి సేల్స్ అతనితో సంపుకి, వీ-నాచ్‌కి, సీసాల లైనుకి అల్ట్రాసోనిక్, కాస్టిక్‌కి రాడార్, ఈక్వలైజేషన్‌కి ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ అని కొటేషన్ మార్చి ఇమ్మను. ఏరేషన్ ట్యాంకులో మట్టం ఎలాగూ అవుట్‌లెట్ అంచు దగ్గరే ఉంటుంది, దానికి లెవెల్ సెన్సరే అక్కర్లేదు. నాకు మాత్రం సంపు మూత ఫోటో, నాజిల్ కొలతలు, బోరు పైపు ఏ మూల నుంచి పడుతోందో ఒక గీత గీసి పంపు, సెన్సరు ఎక్కడ పెట్టాలో గుర్తు పెట్టి వెనక్కి పంపుతాను.

నీ
ప్రసాదు