నాన్నకి, బుజ్జిగాడి టెస్టు సంగతి

నాన్నా,

మొన్న ఫోన్లో బుజ్జిగాడికి తెలివి టెస్టులో మార్కులెందుకు తగ్గాయని మీరు అడిగినప్పుడు వాడు పక్కనే ఉన్నాడు, అందుకే ఏదో ముక్తసరిగా చెప్పి పెట్టేశా. ఆఫీసు ఎప్పటిలాగే ఉంది, చెప్పుకోడానికేం లేదు. ఈయనకి దగ్గు తగ్గింది. అమ్మ మోకాలికి ఎక్సర్‌సైజులు నిజంగా చేస్తోందా, లేక చేస్తున్నట్టు మీ చేత చెప్పిస్తోందా?

వాడికి స్కూల్లో పెట్టింది బొమ్మల టెస్టు. తొమ్మిది గళ్ళుంటాయి, ఎనిమిదింట్లో గీతలూ చుక్కలూ ఏదో లెక్క ప్రకారం మారుతూ పోతాయి, చివరి గడి ఖాళీ, అందులోకి ఏది వస్తుందో కిందున్న వాటిలోంచి ఏరాలి. ఇంగ్లండులో రావెన్ అనే ఆయన 1938లో తెచ్చిన పద్ధతి. మాటలతో పన్లేదు కాబట్టి ఏ దేశం వాళ్ళకైనా ఒకటే అని చాలాకాలం నమ్మారు. వీడి మేడమ్ కూడా అదే అంది, భాషే లేదు కదా ఇంకేం ఇబ్బంది అని. భాష లేదు సరే, గళ్ళని వరసలుగా చదవాలని, వాటి వెనక ఓ రూలు దాచిపెట్టారని, అడిగేవాళ్ళకి జవాబు తెలిసినా మనం చెప్పాలని, అదీ గబగబా చెప్పాలని, ఇవన్నీ పిల్లలకి ఎవరో ఒకరు అలవాటు చేస్తేనే కదా వచ్చేది!

"సాకులు వెతక్కు" అన్నారు మీరు. కోపమొచ్చింది నాన్నా, మీ మీద కాదులెండి, మార్కుల మీద. రాత్రిళ్ళు కూర్చుని దీని గురించి చాలా చదివా. లూరియా అనే రష్యన్ సైకాలజిస్టు 1931, 32ల్లో ఉజ్బెకిస్తాన్ పల్లెలకి వెళ్ళి, బడి మొహం చూడని రైతులకి సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ బొమ్మలు చూపించి, వీటిలో వేరేది ఏదీ అని అడిగాడు. మనమైతే దుంగ అంటాం. వాళ్ళు ససేమిరా అన్నారు, దుంగ తీసేస్తే రంపంతో ఏం కోస్తాం అని. మన వాడూ అచ్చం అంతే! ఇంట్లో ప్రాక్టీసు కాగితం మీద రైలు, బస్సు, పట్టాలు ఉంటే రైలునీ పట్టాల్నీ కలిపి సున్నా చుట్టాడు. బస్సు కదా కలపాల్సింది అన్నాను. "పట్టాలు లేకపోతే రైలు పడిపోదా అమ్మా" అన్నాడు, నాకేమీ తెలీదన్నట్టు మొహం పెట్టి.

లైబీరియాలో క్పెల్లే అనే తెగ వాళ్ళ ముచ్చట ఇంకా బావుంది. వస్తువులు ఇచ్చి జతలు చెయ్యమంటే కత్తిని పండు పక్కన పెట్టారట, కొయ్యడానికి అని, తెలివైనవాడు ఇలాగే పెడతాడు అని కూడా అన్నారట. మరి తెలివితక్కువవాడు ఎలా పెడతాడు అంటే, పనిముట్లన్నీ ఓ పక్క, తిండి ఓ పక్క, టెస్టు పెట్టినవాళ్ళకి కావాల్సినట్టే చకచకా పెట్టేశారు! అంటే చేతకాక కాదుగా. ఇంకోటి, సెర్పెల్ అనే ఆయన జాంబియా పిల్లల్నీ ఇంగ్లీషు పిల్లల్నీ పోల్చాడు. చూసిన నమూనాని కాగితం మీద గియ్యమంటే ఇంగ్లీషు పిల్లలు ముందు, తీగ వంచి చెయ్యమంటే జాంబియా పిల్లలు ముందు, మట్టితో అయితే ఇద్దరూ సమానం. జాంబియా పిల్లలకి తీగతో బొమ్మలు చేసుకోవడం ఆటే మరి.

మీ తరం వాళ్ళకి ఒకటి చెప్పాలి, నవ్వొద్దు. నెదర్లాండ్స్‌లో మిలిటరీకి వచ్చే కుర్రాళ్ళకి ఇలాంటి బొమ్మల టెస్టే పెట్టేవాళ్ళు, 1952 నుంచి 1982కి సగటు ఐక్యూ, అంటే తెలివి స్కోరు, దాదాపు 20 పాయింట్లు పెరిగింది. జేమ్స్ ఫ్లిన్ అనే ఆయన 1987లో 14 దేశాల లెక్కలు చూపించాడు, అంతటా పెరుగుదలే. అంత తక్కువ కాలంలో పుట్టుక మారదు కదా, మారింది బడి, బతుకు. లేకపోతే తాతలందరినీ మందబుద్ధుల కింద జమకట్టెయ్యాలి, మీరొప్పుకుంటారా?

టెస్టు వట్టిదే అనట్లేదు. బళ్ళో చదువు ఎలా సాగుతుందో కొంత చెబుతుంది, అందుకే ఈయన ప్రాక్టీసు పుస్తకం కొనుక్కొచ్చారు, చేయిస్తున్నాం కూడా. వాడికి ఆలోచించి చెప్పే అలవాటు, గడియారం పెడితే బిగుసుకుపోతాడు, అది నాకు దిగులే, మీ దగ్గర దాచడం ఎందుకు. ఉగాండాలో బగాండా అనే జాతి వాళ్ళ లెక్కలో తెలివంటే నిదానమట. ఇక్కడి వాళ్ళకి చెప్పేదెవరు.

ఆదివారం వీడియో కాల్లో మాత్రం మార్కుల ఊసెత్తకండి. వాడే మీకు ఏదో పజిల్ వేస్తానంటున్నాడు, తెలిసినా వెంటనే చెప్పెయ్యకండి. తమ్ముడు బ్యాంకు కాగితం సంతకం పెట్టి స్కాన్ పంపాలి, మళ్ళీ మర్చిపోయాడు, కాస్త గట్టిగా చెప్పండి. మీ బీపీ మాత్రల పేరు ఫొటో తీసి పెట్టండి.

మీ అమ్మాయి