సెలవులకు ముందు: పిల్లల చేతిలోని ఫోనుకు ఏ వడపోత పెట్టాలి?

తల్లిదండ్రులకు నమస్కారం.

బతుకమ్మ, దసరా సెలవులు దగ్గరపడ్డాయి. మన పిల్లల్లో చాలామంది పరకాల, ములుగు, జనగామ వైపు అమ్మమ్మ, నానమ్మల ఊళ్లకు వెళ్తారు. వాళ్లతోపాటు ఫోనూ వెళ్తుంది. మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒక్కటే: "మేడం, పిల్లలకు చెడ్డవి కనబడకుండా ఆపే సాఫ్ట్‌వేర్లలో ఏది మంచిది?" అందుకే మన కంప్యూటర్ ఉపాధ్యాయులతో కలిసి కొన్నింటిని ల్యాబ్‌లో పెట్టి చూశాను.

కంపెనీ పేరు తర్వాత చూద్దాం. ఆ ఫోను ఎవరిది, దానికి నెట్ ఎక్కడి నుంచి వస్తోంది అన్న రెండు సంగతులు ముందు తేల్చుకోండి. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు పిల్లలకు సొంత ఫోనో, ట్యాబో ఉంటుందన్న లెక్కతో తయారైనవి. మన ప్రాథమిక తరగతుల పిల్లల్లో చాలామందికి సొంత ఫోను లేదు. ఉండకూడదని కూడా నా అభిప్రాయం. వాళ్లు చూసేది డ్యూటీ దిగి వచ్చిన నాన్న ఫోను, లేదా వంట అయ్యేదాకా అమ్మ ఫోను. మీ బ్యాంకు యాప్, యూపీఐ, వాట్సాప్ అన్నీ ఉండే ఫోను అదే. దాన్ని పిల్లల ఫోనుగా మార్చలేం కదా.

అలాంటి ఇంటికి నేను మొదట చెప్పేది డీఎన్ఎస్ వడపోత. ఫోను ఏ వెబ్‌సైటుకు వెళ్లాలన్నా ముందుగా ఆ సైటు పేరు చెప్పి చిరునామా అడుగుతుంది. ఆ చిరునామా చెప్పేదే డీఎన్ఎస్. అశ్లీల సైటు పేరు అడిగితే చిరునామా ఇవ్వని డీఎన్ఎస్‌లు ఉన్నాయి. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం ఇలాంటిది ఉచితంగా తెచ్చింది. దాని నంబరు 1.1.1.3. క్లీన్‌బ్రౌజింగ్ వారి కుటుంబ వడపోత ఇంకాస్త కఠినం. గూగుల్, యూట్యూబ్‌లను కూడా సురక్షిత పద్ధతిలోనే తెరవనిస్తుంది, వడపోతను దాటించే వీపీఎన్ సైట్లను కూడా ఆపుతుంది. చిన్న పిల్లలున్న ఇంటికి నేను దీనికే మొగ్గు చూపుతాను.

చాలామంది పొరపడేది వీటిని పెట్టే చోటు దగ్గరే. ఇంట్లోని వైఫై రౌటరులో పెడితే ఇంట్లోనే పనిచేస్తుంది. పిల్లవాడు వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టుకుంటే, లేదా పండక్కి ఊరెళ్తే, ఆ వడపోత ఉండదు. అదే ఫోనులో పెడితే ఫోనుతోపాటు ఊరికీ వస్తుంది. ఆండ్రాయిడ్ 9, ఆపై వచ్చిన ఫోన్లలో సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ విభాగంలో 'ప్రైవేట్ డీఎన్ఎస్' అని ఉంటుంది. అక్కడ నంబరు కాకుండా పేరు టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పినా నెట్ ఆగిపోతుంది, అందుకే ఆ పేరును పిల్లల డైరీల్లో ఇంగ్లీషు అక్షరాల్లో రాయించి పంపుతున్నాం. ఎప్పుడైనా నెట్ రాక ఇబ్బందైతే 'ఆటోమేటిక్' అని మార్చండి, మళ్లీ వస్తుంది. ఈ సంగతి ఏడో తరగతి పిల్లలకు కూడా తెలుసు! కాబట్టి మీ ఫోనులో యాప్ లాక్ సౌకర్యం ఉంటే సెట్టింగ్స్‌కు కూడా తాళం వేయండి.

పిల్లలకు విడిగా ఫోనో, ట్యాబో ఉంటే గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ యాప్ చాలు. ఉచితం. కొత్త యాప్ వేసుకోవాలంటే మీ ఫోనుకు అనుమతి అడుగుతుంది, రాత్రి మీరు పెట్టిన వేళకు తెర ఆగిపోతుంది. అందులో 'అనుమతించిన సైట్లు మాత్రమే' అన్న ఏర్పాటు మూడో తరగతి వరకు బాగుంటుంది. పదో తరగతి పిల్లలకు మాత్రం అది పెట్టవద్దు. జీవశాస్త్రంలో పునరుత్పత్తి పాఠం చదివే పిల్లలు గర్భం గురించో, హెచ్ఐవీ గురించో వెతికితే ప్రతి పేజీ మూసుకుపోతుంది. తెలుసుకోవలసిన వయసులో తెలుసుకోనివ్వకపోవడం కూడా నష్టమే.

ఐఫోన్ ఉన్నవారికి ఇలాంటి పనే చేసే స్క్రీన్ టైమ్ 2018 నుంచి అందులోనే ఉంది, వేరే ఏదీ కొనక్కర్లేదు. విండోస్ కంప్యూటరుకు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితం, కానీ దాని వెబ్ వడపోత ఎడ్జ్ బ్రౌజరులోనే పనిచేస్తుంది.

ఇక కుస్టోడియో, నార్టన్ ఫ్యామిలీ, నెట్ నానీ వంటివి ఎక్కువగా డబ్బు కట్టి వాడేవి. వివరమైన నివేదికలు, రకరకాల పరికరాలన్నింటికీ ఒకే ఏర్పాటు కావాలంటే ఉపయోగపడతాయి. మన ఇళ్లలో చాలామందికి ఇవి అంత అవసరం లేదు. పైగా కొనే ముందు ఒక పరీక్ష చేయండి: ఒక తెలుగు బూతు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతకండి. మాటలను బట్టి ఆపే వడపోతలకు అక్కడే కష్టం. ఇంగ్లీషు మాటలను ఆపినవి కూడా తెలుగు మాటలను వదిలేయడం మేం చూశాం.

యూట్యూబ్ గురించి విడిగా చెప్పాలి, పిల్లల సమయమంతా అక్కడే పోతోంది. డీఎన్ఎస్‌కు యూట్యూబ్ అన్న పేరే కనబడుతుంది, లోపల ఏ వీడియో నడుస్తోందో కనబడదు. చిన్నవారికి యూట్యూబ్ కిడ్స్ పెట్టండి. తొమ్మిదేళ్లు దాటినవారికి తల్లిదండ్రుల పర్యవేక్షణలో నడిచే ఖాతా తెరవవచ్చు, వయసును బట్టి అందులో మూడు స్థాయులున్నాయి.

వాట్సాప్‌లో వచ్చే ఫోటోను, ఆటలో పరిచయమైన అపరిచితుడి సందేశాన్ని వీటిలో ఏ వడపోతా ఆపుతుందని నమ్మలేం. నాకు ఎక్కువ భయం అక్కడే. "నీ ఫోటో పంపు, లేదంటే మీ నాన్నకు చెబుతా" అని ఎవరైనా బెదిరిస్తే మీ అమ్మాయి, అబ్బాయి మొదట మీ దగ్గరికే రావాలి. అలా రావాలంటే తిట్లు పడవన్న నమ్మకం వాళ్లకు ముందునుంచే ఉండాలి. అందుకే దొంగచాటుగా సందేశాలు చదివే యాప్‌లు వద్దంటున్నాను. ఏం పెట్టారో, ఎందుకు పెట్టారో పిల్లలకు చెప్పే పెట్టండి. అలాంటి బెదిరింపు వస్తే సందేశాలను చెరిపేయవద్దు, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లకు ఫోన్ చేయండి. బడికి చెప్పాలనుకుంటే నేరుగా నా గదికి రండి, విషయం బయటికి పోదు.

సెలవులకు ముందు శనివారం ఉదయం పది గంటలకు కంప్యూటర్ ల్యాబ్‌లో ఇవన్నీ మీ ఫోన్లలోనే పెట్టి చూపిస్తాం. ఇంట్లో పిల్లలను చూసుకునేది నానమ్మ, తాతయ్యలైతే వారినీ తీసుకురండి. ఫోను ఛార్జింగ్ పెట్టుకుని, గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ ముందే సరిచూసుకుని రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
హనుమకొండ