స్పోర్ట్స్ కార్ బ్యాటరీలకు విజిట్ ఛార్జీ: మా కస్టమర్లకు ఒక మాట

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పోర్షే, ఆడీ, బీఎండబ్ల్యూ ఎం, మస్టాంగ్ లాంటి బండ్లకు ఇంటికొచ్చి బ్యాటరీ చూసినందుకు 1,500 రూపాయలు తీసుకుంటాం. మా దగ్గర బ్యాటరీ కొన్నా అంతే, కొనకపోయినా అంతే. కొంటే బిల్లులో తగ్గించడం కూడా ఉండదు. "ఇన్నాళ్ళూ ఊరికే వచ్చేవాళ్ళు కదా, ఇప్పుడేంటి?" అని కొందరు ఫోన్లోనే అడిగేశారు. అందరికీ కలిపి ఒకేసారి చెబుతున్నాం.

ఊరికే వచ్చిన కుర్రాడి పెట్రోలు, సగం రోజు కూలీ ఎక్కణ్ణుంచి రావాలి? బ్యాటరీ అమ్మితేనే వస్తాయి. అలాంటప్పుడు "సార్, ఇది పోయింది, కొత్తది వేద్దాం" అన్న మాట నోటికి తేలిగ్గా వచ్చేస్తుంది. మామూలు కారుకైతే చిన్న ఖర్చే. మీ బండ్లలో ఉండే ఏజీఎం బ్యాటరీ (యాసిడ్ గాజు పీచు మ్యాట్‌లో ఇంకి ఉండే లెడ్ బ్యాటరీ) రేటు ఎన్ని రెట్లో మీకే తెలుసు. మాకొచ్చే ఇలాంటి కాల్స్‌లో చాలావాటికి బ్యాటరీ బాగానే ఉంటుంది, ఛార్జ్ దిగిపోయి ఉంటుందంతే. ఛార్జీ వెనక ఉన్న అసలు సంగతి ఇది. కుర్రాళ్ళకు బ్యాటరీ మీద ఇచ్చే కమీషన్ కూడా తీసేసి, ఆ మేరకు జీతంలో కలిపాం.

లెక్క చూడండి. తాళం వేసి పెట్టినా అలారం, కీలెస్ రిసీవర్, లోపలి కంప్యూటర్లు కొంచెం కొంచెంగా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఏ లోపమూ లేని బండికైనా 50 మిల్లీ ఆంపియర్ల దాకా మామూలే. అంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్, నెలకు 36. మీది 70 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుంటే నెల తిరిగేసరికి సగం ఖాళీ. అమెరికాలో పిల్లల దగ్గర మూడు నెలలుండి వచ్చారనుకోండి, 108 కావాలి, ఉన్నదే 70. డ్యాష్‌క్యామ్‌ను పార్కింగ్ మోడ్‌లో (బండి ఆగి ఉన్నా పనిచేసేలా) వదిలేస్తే అన్నాళ్ళు కూడా ఆగదు. హైదరాబాద్ కోకాపేట సెల్లార్లలో కవర్ కప్పుకుని, ఏ ఆదివారం పొద్దునో ఔటర్ రింగ్ రోడ్ ఎక్కే బండ్లన్నిటి కథా ఇదే.

రోజూ వాచ్‌మన్ చేత ఐదు నిమిషాలు స్టార్ట్ చేయిస్తే సరిపోతుందనే నమ్మకం ఒకటుంది. దయచేసి ఆపండి. సెల్ఫ్ కొట్టడానికి తీసుకున్నదే ఐడ్లింగ్‌లో పూర్తిగా తిరిగి ఎక్కదు, పైగా సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. వారానికోసారి ముప్పావుగంట రోడ్డు మీద నడపండి, లేదా ఎప్పుడూ తగిలించి ఉంచే మెయింటెయినర్ ఛార్జర్ కొనుక్కోండి. బ్యాటరీ ఖరీదులో చిన్న భాగం అది. సెల్లార్లో ప్లగ్ పాయింట్‌కు అసోసియేషన్ వాళ్ళను ఒప్పించడం మాత్రం మా చేతిలో లేదు.

ఇకమీదట మేమొస్తే ముందు ఛార్జింగ్, తర్వాత టెస్టింగ్, అమ్మకం ఆఖర్న. ఏజీఎం మోడ్ ఉన్న ఛార్జర్ మీద రాత్రంతా పెట్టి, తీసేసి కొన్ని గంటలు ఆగి చూస్తాం. 12.7, 12.8 వోల్టుల దగ్గర నిలబడి లోడ్ టెస్ట్ (ఎక్కువ కరెంటు లాగి చూడటం) తట్టుకుంటే ఆ బ్యాటరీకి ఇంకా ఆయుష్షు ఉన్నట్టే, 1,500 తీసుకుని వచ్చేస్తాం. 10 వోల్టుల కంటే కిందకు పడిపోయి వారాల తరబడి అలాగే ఉన్నదైతే, లోపల ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిపోయి చాలావరకు కోలుకోదు. దాన్ని మార్చాల్సిందే.

మీరే ఇంట్లో మార్చుకుంటామన్నా సంతోషమే, షాపుకొచ్చి బ్యాటరీ పట్టుకెళ్ళండి. ఎలాగూ సెల్లార్లోకి బండిని ఎక్కించుకెళ్ళే ఫ్లాట్‌బెడ్ లారీ దిగదు, కరెంటు లేకపోతే ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ విడవదు కాబట్టి బండిని నెట్టలేం కూడా. పని అక్కడే జరగాలి.

పానాలు తిప్పడం తేలికే. బ్యాటరీ దాకా చేరడమే కష్టం. పోర్షే 911లో బ్యాటరీ ముందు డిక్కీలో, అద్దం వైపు ప్లాస్టిక్ మూత కింద ఉంటుంది. ఆ డిక్కీ లాక్ కరెంటుతో తెరుచుకునేది. బ్యాటరీ పడుకుంటే డిక్కీ రాదు, డిక్కీ రాకపోతే బ్యాటరీ అందదు. కీలో దాచిన మామూలు తాళంతో డోర్ తీయండి. కాళ్ళ దగ్గర ఫ్యూజ్ బాక్స్‌లో బయటికి లాగే పాజిటివ్ టెర్మినల్ ఒకటి ఉంటుంది. జంప్ ప్యాక్ (చేత్తో మోసుకెళ్ళే చిన్న బ్యాటరీ) ఎర్ర క్లిప్పు దానికి, నల్ల క్లిప్పు డోర్ లాక్ పట్టుకునే ఇనుప కొక్కేనికి. అలారం మోగుతుంది, కంగారు పడకుండా రిమోట్ నొక్కి ఆపేసి డిక్కీ తెరవండి. ఆ పాయింటు డిక్కీ తెరవడానికే. అక్కణ్ణుంచి బండి స్టార్ట్ చేయబోతే ఫ్యూజ్ బాక్స్ కాలుతుంది. పని పూర్తయ్యేదాకా డిక్కీ మూయకండి. డోర్లు కూడా జాగ్రత్త: ఫ్రేమ్ లేని అద్దం డోర్ తీసినప్పుడు కొంచెం కిందకు దిగాలి, కరెంటు లేకపోతే దిగదు, బలంగా వేస్తే అద్దానికి దెబ్బ.

బీఎండబ్ల్యూలో బ్యాటరీ వెనక డిక్కీలో ఉంటుంది. నెగటివ్ టెర్మినల్ మీద చిన్న సెన్సర్ కూర్చుని ఉంటుంది, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే విరుగుతుంది. కొత్తది వేశాక స్కానర్‌తో రిజిస్టర్ చేయాలి, లేకపోతే బండి పాత ముసలి బ్యాటరీ అనుకునే ఛార్జ్ చేస్తుంది. స్కానర్ పని షాపులో పది నిమిషాలు, దానికి డబ్బులొద్దు. మస్టాంగ్ వాళ్ళు అదృష్టవంతులు, బానెట్ ఎత్తితే ఎదురుగా కనిపిస్తుంది.

మిగతాది అన్ని బండ్లకూ ఒకటే. ఉంగరం, వాచీ తీసేయండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు పాజిటివ్ ముందు. బ్యాటరీ పక్కన గ్యాస్ బయటికి పోయే సన్న గొట్టం ఉంటే కొత్తదానికి మళ్ళీ తగిలించండి, చాలామంది మర్చిపోయేది అదే. 20 కిలోల పైచిలుకు బరువు వంగి ఎత్తాలి, నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఇంకొకర్ని పిలవండి. స్టార్ట్ చేశాక స్టీరింగ్ లైటు వెలిగితే ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి తిప్పితే సాధారణంగా పోతుంది. అద్దాలు ఆటోలో ఎక్కకపోతే పూర్తిగా దించి, ఎక్కించి బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి.

లిథియం బ్యాటరీలు మా దగ్గర దొరకవు. పోర్షే 2010లోనే 911 జీటీ3కి 6 కిలోల లోపు లిథియం బ్యాటరీని ఆప్షన్‌గా ఇచ్చింది, ఇప్పుడు ఇంకొన్ని మోడళ్ళకు కూడా వస్తోంది. వాటికి లెడ్ బ్యాటరీల ఛార్జర్ పెట్టకూడదు. హైబ్రిడ్లలో నారింజ రంగు హై వోల్టేజ్ వైర్ల జోలికి మేమూ వెళ్ళం, మీరూ వెళ్ళొద్దు. ఈ రెండు రకాలకూ కంపెనీ సర్వీస్ సెంటరే దారి.

రేట్ల గురించి: 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడే ఆ తేడా మీకు ఇచ్చేశాం, కాబట్టి ఇప్పుడు ఇంకా తగ్గించమని అడగొద్దు. పాత బ్యాటరీ కబాడీకి వేయకండి, అందులో ఉన్నది సీసం. 2022 బ్యాటరీ వేస్ట్ నిబంధనల ప్రకారం అది రీసైక్లింగ్‌కు వెళ్ళాలి. మాకిస్తే తూకం వేసి బిల్లులో తగ్గిస్తాం, ఇంకోచోట కొన్నా సరే తెచ్చి ఇవ్వండి, డబ్బులిస్తాం.

ఈ నెలలో ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్ళకు విజిట్ ఛార్జీ ఉండదు. సెల్లార్లో సిగ్నల్ ఉండదు కాబట్టి, కుర్రాడు వచ్చే టైముకు వాచ్‌మన్‌కు ముందే చెప్పి ఉంచండి.