బుడమేరు లెక్క తేలదట!

సంపాదకుల వారికి,

"వరద సమీకరణాలకు సాధన ఉండదు, నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయో ముందే ఎవరు చెప్పగలరు?" అని మన విజయవాడ బుడమేరు వాగు గురించి ఒక అధికారి సెలవిచ్చినట్టు పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చింది. నాలుగు రోజులు ఓర్చుకున్నాను. 2024 సెప్టెంబరులో ఆ బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మేడ మీద నుంచి పాలపాకెట్టు కోసం పడవ వైపు చేతులు చాచినవాణ్ణి. ముప్పయ్యేళ్లు డిగ్రీ పిల్లలకు న్యూటన్-రాఫ్సన్ పద్ధతి, అంటే ఒక ఊహతో మొదలుపెట్టి దిద్దుకుంటూ జవాబు చేరే పద్ధతి, చెప్పినవాణ్ణి కూడా. ఇక నా వల్ల కాలేదు.

సాధన లేదంటే సూత్రంలో వేసి ఒక్క దెబ్బకు తేల్చలేమని. అంతేగాని జవాబే లేదని కాదండీ! ప్రవాహాలకు ఫ్రాన్సు ఇంజనీరు సెయింట్ వెనాంట్ రాసిన సమీకరణాలు 1871 నాటివి. కాలువనూ కాలాన్నీ చిన్నచిన్న ముక్కలు చేసి కంప్యూటర్లు వాటిని రోజూ తేలుస్తున్నాయి.

అంతదాకా ఎందుకు, కాలువలో ఎంత లోతుకు ఎంత నీరు పారుతుందో చెప్పే మానింగ్ సూత్రం, ఒక కాలిక్యులేటర్ చాలు. 10 మీటర్ల వెడల్పున్న నిలువు గోడల కాలువ, 2500 మీటర్లకు మీటరు వాలు, సెకనుకు 20 ఘనపు మీటర్ల నీరు అనుకుందాం. శుభ్రమైన మట్టి కాలువకు గరుకుదనం, అంటే నీటిని కాలువ ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె, 0.025. లోతు 1.5 మీటర్లని ఊహిస్తే 13.2 ఘనపు మీటర్లే పారతాయి, చాలదు. 2 అంటే 20.3, కాస్త ఎక్కువ. 1.98 దగ్గర కుదురుతుంది. మూడే ఊహలు! ఇప్పుడు అదే కాలువలో గుర్రపు డెక్క పెంచండి. గరుకుదనం 0.05 అయితే అవే నీళ్లకు లోతు 3.2 మీటర్లు. గట్టు రెండున్నర మీటర్లే ఉంటే ఏమవుతుందో మా వీధిలో పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. పైగా కృష్ణ నిండుగా ఉన్నప్పుడు బుడమేరు మళ్లింపు కాలువ నీళ్లు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. అదీ లెక్కలో పెట్టొచ్చు, పెట్టాలి.

తప్పు ఆయనదొక్కడిదే అనను. ఊరంతా ర్యాంకుల హోర్డింగులే. లెక్కలో మూడు మెట్లు బట్టీపట్టి రాస్తే మార్కులు పడిపోతాయి, ఆ మెట్లు ఎక్కడికెళతాయో అడిగే నాథుడు లేడు. మొదటి ఊహ తిక్కగా ఉంటే న్యూటన్ పద్ధతి కూడా దారి తప్పుతుందని ఎంతమందికి తెలుసు? ల్యాబ్ రికార్డులు సీనియర్ల దగ్గర నుంచి ఎత్తిరాసినవాళ్లే రేపు మన గట్ల ఎత్తు నిర్ణయిస్తారు.

నిన్న సాయంత్రం బుడమేరు వంతెన మీద ఆగి చూశాను. డెక్క ఊదా పూలు పూసింది. ఎవరో సెల్ఫీ దిగుతున్నారు. వానాకాలం లోపు దాన్ని తీయించండి, ఏ లోతుకు ఎంత పారుతుందో పట్టిక వేసి వార్డు సచివాలయాల గోడకు అంటించండి. చేసేవాళ్లు దొరక్కపోతే నేను ఖాళీగానే ఉన్నాను.

– విశ్రాంత గణిత అధ్యాపకుడు,
సింగ్‌నగర్, విజయవాడ