కౌంటు తగ్గితే ముందు కారణం వెతకాలి

సంపాదకులకు నమస్కారం.

పెద్దవాళ్ల రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు, తగ్గాయని రాగానే ఇళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి "వెంటనే ఎక్కించాలి", రెండోది "ఈ వయసులో మామూలేలే". రెండూ తొందరపాటు మాటలే.

మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లుంటాయి. అంతకన్నా తక్కువ వస్తే ముందు తేల్చాల్సింది ఆ అంకె నిజమా అని. రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో వాడే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు అతుక్కుని ముద్ద కడతాయి. మెషిన్ వాటిని సరిగా లెక్కపెట్టలేదు. ఏ జబ్బూ లేని మనిషికి రిపోర్టులో 40,000 అని పడుతుంది, ఇల్లంతా టెన్షన్. రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈడీటీఏ బదులు సిట్రేట్ ఉన్న ట్యూబులో రక్తం మళ్లీ తీసి లెక్కపెట్టవచ్చు కూడా. మొదటిసారి కౌంటు తక్కువ వచ్చిన ప్రతి రిపోర్టునూ ల్యాబులు ఇలా సరిచూశాకే ఇవ్వాలని ఆరోగ్యశాఖ నియమం పెట్టాలి. ఇది పెద్ద ఖర్చు పనేమీ కాదు.

నిజంగానే తగ్గితే వాడే మందులన్నీ డాక్టరుకు చూపించాలి. లినెజోలిడ్, హెపారిన్, వాల్‌ప్రోయేట్, క్వినైన్ లాంటివి కౌంటును తగ్గించగలవు. బీ12 లోపం, లివర్ జబ్బుతో పెరిగిన ప్లీహం కూడా కారణం కావచ్చు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా తగ్గి, కారణం దొరకకపోతే ఎముక మూలుగ (బోన్ మ్యారో) పరీక్షకు వెనకాడకూడదు. పెద్ద వయసులో వచ్చే ఎండీఎస్ అనే మూలుగ జబ్బు ఇలాగే బయటపడుతుంది.

రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసే ఐటీపీ అనే జబ్బులో ఎక్కించిన ప్లేట్‌లెట్లు కూడా ఎక్కువసేపు నిలవవు. రక్తస్రావం లేకుండా కౌంటు 30,000 పైన ఉంటే చాలామందిని మందు లేకుండా గమనిస్తూ ఉండవచ్చు. స్టెరాయిడ్లు అవసరమైనా నెలల తరబడి సాగదీయకూడదు. షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం పెద్దవాళ్లకు చిన్న బాధలు కావు.

గుండెలో స్టెంట్ ఉన్నవాళ్లు కౌంటు చూసి భయపడి, రక్తం గడ్డకట్టకుండా వాడే ఆస్పిరిన్‌ను సొంతంగా మానేయడం మరీ ప్రమాదం. ఆ నిర్ణయం డాక్టరుదే. ఒంటి మీద ఎర్రటి చుక్కలు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. నల్లటి విరేచనం అయినా, పడి తలకు దెబ్బ తగిలినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ లక్షణాలను మీ ఆరోగ్య పేజీలో పెద్ద అక్షరాలతో, పెద్దవాళ్లు కళ్లజోడు వెతుక్కోకుండా చదివేలా వేయమని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు