మా మామగారి పనిలో చేయి వేసిన అందరికీ

మామగారి కేసు ఫలితం పోయిన మంగళవారం వచ్చింది. మాజీ సైనికుల ఒంటి నష్టాన్ని బట్టి అమెరికా ప్రభుత్వం వేసే రేటింగు (నెలనెలా భత్యం దాన్ని బట్టే) 20 శాతానికి పడిపోయింది కదా, అది 60కి వెళ్లింది, అదీ తగ్గించిన తేదీ నుంచే లెక్కగట్టి. ఏమైందని ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను. పెద్దాయన్ని అడిగాను. "రాయి, నా పేరు మాత్రం వద్దు" అన్నారు.

తెలియనివాళ్ల కోసం: మా ఆయన అమెరికన్. మామగారు ఒహాయోలోనే పుట్టి పెరిగిన మనిషి. అత్తగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. "మామగారు" అనేది నేను తనకి పెట్టిన ముద్దుపేరనుకుని ఏడాది పాటు ఫోన్లో కూడా "మామగారు మాట్లాడుతున్నాను" అనేవారు. అసలు అర్థం తెలిశాక కూడా మానలేదు.

ఆయన 1968-69లో వియత్నాం యుద్ధంలో, బియెన్ హోవాలో పనిచేశారు. అడవుల ఆకు రాల్చడానికి చల్లిన ఏజెంట్ ఆరెంజ్ పీపాలు ఉంచిన చోట్లలో అదొకటి. మందు నారింజ రంగేమీ కాదట, పీపా మీద పట్టీ నారింజ. అందులోని డయాక్సిన్ అనే విషం తర్వాత ఎన్ని ఇళ్లలోకి వచ్చిందో! మామగారికి వచ్చిన ప్రోస్టేట్ క్యాన్సర్‌ని, ఆ మందు వల్ల వచ్చినట్టే లెక్కగట్టే జబ్బుల జాబితాలో 1996లో చేర్చారు. అందుకని మందు తన మీద పడిందని ఎవరూ నిరూపించుకోనక్కర్లేదు, ఆ రోజుల్లో వియత్నాం నేల మీద కాలు పెట్టినట్టు కాగితం ఉంటే చాలు. మామగారికి మొదట్లో ఏ ఇబ్బందీ రాలేదు. జబ్బున్నంత కాలం, చికిత్స అయిపోయాక ఇంకో ఆరు నెలలు 100 శాతం ఇస్తారు. ఆ తర్వాత పరీక్షకి పిలిచి, ఒంట్లో మిగిలిపోయిన బాధల్ని బట్టి రేటింగు వేస్తారు. మాకు బెడిసింది అక్కడే.

తప్పు మాదే. ఆపరేషను, దాని మీద రేడియేషను అయ్యాక ఆయనకి మూత్రం ఆగదు. రోజుకి ఎన్ని ప్యాడ్లు మారుస్తారన్నదే అక్కడి లెక్క: రెండుకి లోపైతే 20, రెండు నుంచి నాలుగైతే 40, నాలుగు దాటితే 60. మా పెద్దాయన పరీక్షకి వెళ్లి, "ఒకటి, అదీ ఎప్పుడైనా" అని చెప్పి వచ్చారు. ఇంట్లో చెత్త కట్టి బయట పెట్టేది నేను. ఎన్నో నాకు తెలుసు. నేనెప్పుడూ అనలేదు, ఆయనా అనలేదు. తగ్గించబోతున్నాం, చెప్పుకునేదుంటే 60 రోజుల్లో పంపండి అని ఉత్తరం వస్తే దాన్ని సొరుగులో సాక్సుల కింద పెట్టేశారు. బ్యాంకులో డబ్బు తగ్గాక గానీ మాకు తెలియలేదు.

అప్పుడైనా తెలిసినవాళ్లని అడిగామా? లేదు. పేరులో "హయ్యర్" ఉంది కదా అని మేమిద్దరమే కూర్చుని హయ్యర్ లెవెల్ రివ్యూ వేశాం. అక్కడ ఫైల్లో ఉన్నదాన్ని మళ్లీ చదువుతారే తప్ప కొత్త కాగితం చూడరు. ఫైల్లో ఉన్నదేమిటి? "ఒకటి, అదీ ఎప్పుడైనా."

మొదటి దండం మా కౌంటీ వెటరన్స్ సర్వీస్ ఆఫీసర్ గారికి, అంటే మాజీ సైనికుల క్లెయిములకి సాయం చేసే ఆయనకి. ఒహాయోలో 88 కౌంటీల్లోనూ ఇలాంటి ఆఫీసులున్నాయి, పైసా తీసుకోరు. ఆయన ఫైలు తిరగేసి, నన్నూ మా ఆయన్నీ బయట కూర్చోమన్నారు. అరగంట తర్వాత మామగారు బయటికొచ్చి, కారులో చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర మాత్రం, "అతనికి మూడంట" అన్నారు. "నాకు ఆరు." నేను రోడ్డు చూస్తూ డ్రైవ్ చేశాను.

వెయ్యాల్సింది సప్లిమెంటల్ క్లెయిమ్ అనీ, కొత్త సాక్ష్యం కావాలనీ, ముందు నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు వేస్తే పాత తేదీ పోదనీ ఆఫీసర్ గారే చెప్పారు. రోజూ రాసి పెట్టమన్నారు. మామగారు ఎక్కడ రాశారనుకున్నారు? మా అమ్మ గుంటూరు నుంచి పంపిన తెలుగు క్యాలెండర్ మీద, వంటింట్లో. తిథి, నక్షత్రం, రాహుకాలం పక్కన పెన్సిల్ గీతలు: నాలుగు నిలువు, అయిదోది అడ్డం, పక్కన ఇంకొకటి. ఏకాదశి నాడు ఏడు. ఆ పేజీల కాపీలు కూడా క్లెయిముతో వెళ్లాయి. అంకెలు తప్ప మిగతాదంతా పండగలూ పంచాంగమూ అని నా వాంగ్మూలంలో ఒక ముక్క రాయాల్సొచ్చింది.

రెండో దండం మా విజయవాడ డాక్టరమ్మకి. యూరాలజిస్టు. ఆదివారం మా ఇంటికి పప్పుచారు తినడానికొచ్చి, మామగారి ఎదుట మొహమాటం లేకుండా అడగాల్సినవన్నీ అడిగింది. తర్వాత క్లినిక్‌కి రప్పించి, పరీక్ష చేసి, ప్రోస్టేట్ క్యాన్సర్ ఫారం పూర్తిగా నింపి ఇచ్చింది. "అంకుల్, మీరు సిగ్గుపడితే నేను ఏం రాయను?" అని ఆవిడ అన్న తీరులో నాకు మా పిన్ని కనిపించింది. అదే చేత్తో రావాల్సిన ఇంకో చిన్న భత్యం కూడా వచ్చింది. అది దేనికో రాయడానికి మామగారు ఒప్పుకోలేదు.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆయన్ని రేడియేషన్‌కి తీసుకెళ్లిన శనివారాల తెలుగు బడి తల్లులకి, ముఖ్యంగా మంచు పడ్డ ఆ రెండు వారాల్లో పొద్దున్నే వచ్చిన లక్ష్మక్కకి, ఏం చెప్పినా తక్కువే. మీ కార్లలో వెనక సీటు మీద ఆయన తువ్వాలు పరుచుకుని కూర్చుంటే చూసీ చూడనట్టున్నారు. ఆయన అది గమనించారు. నాకు చెప్పారు.

నిన్న సున్నుండలు చేసి సర్వీస్ ఆఫీసర్ గారికి తీసుకెళ్లాను. కానుకలు తీసుకోకూడదంటూనే ఒకటి నిలబడే తిన్నారు, మిగతావి బయట వరసలో కూర్చున్న పెద్దవాళ్లకి పంచమన్నారు. డబ్బా మాత్రం ఖాళీగా తిరిగివ్వలేదు. ఇంటికొచ్చి మూత తీస్తే మడిచిపెట్టిన ఖాళీ ఫారాలు పది, పైన ఒక చీటీ: "మామగారి వీధిలో ఇంకెవరైనా ఉంటే." ఉన్నారు. ఎదురింటాయన.