జాగా లేనివారి వంతు ఎప్పుడు?

సంపాదకులకు నమస్కారం.

సికింద్రాబాద్‌లోని ఒక బస్తీలో ఇరవై రెండేళ్లుగా ఒంటిగది అద్దెకుంటున్నాం. నేను బట్టలు కుడతాను, నా భార్య నాలుగిళ్లలో పని చేస్తుంది. ఇల్లు లేని పేదలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే ఇందిరమ్మ ఇంటికి, ప్రజాపాలన దరఖాస్తుల కార్యక్రమంలో దరఖాస్తు పెట్టాం. సర్వేకి వచ్చినాయన మొదట అడిగింది, "జాగా ఎక్కడ? ఫొటో తియ్యాలి" అని. జాగా ఉంటే అద్దెకెందుకుంటాం సార్ అన్నాను. ఎల్-2 అనే జాబితాలో రాసుకుని వెళ్లారు.

సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, జాగా కూడా లేనివారు ఎల్-2. తొలి విడత 4.5 లక్షల ఇళ్లు జాగా ఉన్నవారికే. ఇంటికి 5 లక్షలు ఇస్తున్నారు, మంచిదే. పునాది పూర్తయితే గాని మొదటి లక్ష పడదు కాబట్టి వాళ్లకూ అప్పు తప్పడం లేదని మా ఊరివాళ్లు చెబుతుంటారు. అయినా వాళ్లకు ఒక దారి దొరికింది. పట్నంలో కూలి చేసుకునేవాడికి గజం జాగా ఎక్కడి నుంచి వస్తుంది?

రెండేళ్ల కింద మా అమ్మ ఆసుపత్రిలో పోయింది. శవాన్ని ఇంటికి తేవద్దన్నాడు ఇంటి ఓనరు. గల్లీ మలుపులో పరదా కట్టి, అక్కడే స్నానం చేయించి సాగనంపాం. అద్దె ఏటా పెరిగినా ఎలాగో కడుతున్నాం. ఆ రోజు మాత్రం మరిచిపోలేను. అద్దెకుండే పేదల్లో చాలామంది ఈ బాధ పడ్డవాళ్లే.

నగర శివారులోని కొల్లూరులో పేదల కోసం 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కట్టడం గొప్ప పనే. కానీ సికింద్రాబాద్ నుంచి అది ముప్పై కిలోమీటర్ల దూరం. పొద్దున ఆరింటికి అంట్లు తోమడానికి వెళ్లే ఆడమనిషి అక్కడి నుంచి ఎన్నింటికి బయల్దేరాలి? ఇల్లు వచ్చిందని వెళ్తే పని పోతుంది, పని కోసం ఆగితే ఇల్లు ఖాళీగా ఉంటుంది.

బన్సీలాల్‌పేట దగ్గరి ఐడీహెచ్ కాలనీ చూడండి. పాత ఇళ్లు తీసేసిన చోటే 396 ఇళ్లు కట్టి, 2015లో అక్కడివాళ్లకే ఇచ్చారు. పిల్లల బడి, పనిచేసే ఇళ్లు, చుట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మా బస్తీల్లోనూ అలా అంతస్తులు లేపి కట్టవచ్చు. కూలడానికి సిద్ధంగా ఉన్న ప్రభుత్వ క్వార్టర్లు, మూతపడ్డ కార్యాలయాల స్థలాలు నగరం నడిబొడ్డునే ఉన్నాయి. వాటిని వేలానికి పెట్టేముందు ఎల్-2 జాబితా ఒకసారి తీసి చూడాలి.

ప్రభుత్వాన్ని ఒకటే కోరుతున్నాను. ఎల్-2లో ఉన్నవారి పేర్లు వరుస నంబర్లతో వార్డు ఆఫీసు గోడకు అంటించండి. ఏ స్థలంలో, ఎన్ని ఇళ్లు, ఏ సంవత్సరానికి అన్నది దాని కిందే రాయండి. మా నంబరు వెయ్యో, పదివేలో, ఎంతయినా సరే, మాకు తెలియాలి.

– ఒక అద్దెదారు, సికింద్రాబాద్